కాలి మీద చర్మం అతికించే ఆపరేషన్: గ్రాఫ్ట్ ఎందుకు, ఫ్లాప్ ఎందుకు, కోలుకోవడానికి ఎన్నాళ్లు?

వెన్నెలదారి:

అందరికీ నమస్కారం. మా బావగారికి బండి ప్రమాదంలో ఎడమ కాలికి, మోకాలి కింద ముందువైపు చర్మం చాలా మేర ఊడిపోయింది. ఎముక విరగలేదు. రెండుసార్లు థియేటర్‌కి తీసుకెళ్లి మట్టి, చచ్చిన కండ తీసేసి శుభ్రం చేశారు. ఇప్పుడు పుండు మీద వ్యాక్ మిషన్ (స్పాంజి పెట్టి లోపలి నీటిని లాగేసే మిషన్) పెట్టారు. పుండు సుమారు 18 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు ఉంది. కాలి మధ్య భాగంలో ఒకచోట 4 × 3 సెంటీమీటర్ల మేర ఎముక తెల్లగా బయటికి కనిపిస్తోంది.

ప్లాస్టిక్ సర్జన్ గారు "ఎముక దగ్గర ఫ్లాప్, మిగతాదంతా తొడ చర్మం తీసి గ్రాఫ్ట్" అన్నారు. రౌండ్స్‌లో అంతకుమించి అడిగే వీలు దొరకలేదు. మొత్తం గ్రాఫ్టే ఎందుకు వేయకూడదు? తొడ మీద ఎంత చర్మం తీస్తారు, అక్కడ మళ్లీ ఇంకో పుండు కాదా? వాళ్ల అబ్బాయి తన చర్మం ఇస్తానంటున్నాడు, అది పనికొస్తుందా? చర్మాన్ని వలలాగా చిల్లులు పెడతారని విన్నాం, అదెందుకు? అతుక్కుందో లేదో ఎప్పుడు తెలుస్తుంది, నడక ఎప్పుడు? ఆయనకి షుగర్ ఉంది, హెచ్‌బీఏ1సీ (రెండుమూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8.1. సిగరెట్లు కూడా కాలుస్తారు. విషయం తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

---

కుట్టుసూది:

గ్రాఫ్ట్ అంటే రక్తనాళాలతో సంబంధం పూర్తిగా తెగ్గొట్టి తెచ్చిన చర్మం. దానికి సొంత రక్తం ఉండదు, కింద ఉన్న పుండే దాన్ని బతికించాలి. ఫ్లాప్ అలా కాదు, తన రక్తనాళాన్ని తనతోపాటే తెచ్చుకుంటుంది. మీరు అడిగినవాటిలో సగం ప్రశ్నలకి జవాబు ఈ తేడాలోనే ఉంది.

గ్రాఫ్ట్ వేసిన మొదటి 24 నుంచి 48 గంటలు ఆ చర్మం కింద ఊరే నీటిని పీల్చుకునే బతుకుతుంది. ఆ తర్వాతి రోజున కింది నాళాల కొసలు, చర్మంలోని నాళాల కొసలు ఒకదాన్నొకటి అందుకుంటాయి. 5 నుంచి 7 రోజులకల్లా కొత్త నాళాలు లోపలికి పెరిగి రక్తం సరిగ్గా పారుతుంది. ఇదంతా జరగాలంటే కింద రక్తం ఉన్న నేల ఉండాలి. కండ మీద, పుండు మానేటప్పుడు వచ్చే ఎర్రటి కొత్త కండ (గ్రాన్యులేషన్) మీద, పైపొర చెడని ఎముక మీద కూడా గ్రాఫ్ట్ పడుతుంది. ఎముకని అంటిపెట్టుకుని ఉండే పెరియాస్టియం అనే పల్చటి పొర పోయి, ఎముక తెల్లగా, పొడిగా కనిపిస్తుంటే మాత్రం పట్టదు. కండని ఎముకకి కలిపే తాడు, అంటే టెండన్, పొర ఊడితే అదీ అంతే. మీరు చెప్పిన ఆ 4 × 3 ముక్క కథ ఇదే.

కాలి ముందువైపు ఎముక కప్పడానికి ఏ ఫ్లాప్ అనేది ఎత్తుని బట్టి ఉంటుంది. పైభాగమైతే పిక్కలో పై కండ గ్యాస్ట్రోక్నీమియస్‌ని తిప్పుతారు. మధ్య భాగమైతే దాని కింద ఉండే సోలియస్‌ని తిప్పుతారు. చీలమండ దగ్గరైతే స్థానికంగా తిప్పడానికి సరైన కండ ఉండదు కాబట్టి సూరల్ ఫ్లాప్‌లాంటివో, వేరేచోటి నుంచి తెచ్చి మైక్రోస్కోప్ కింద నాళాలు కుట్టే ఫ్రీ ఫ్లాపో కావాలి. మీది మధ్య భాగం అన్నారు కాబట్టి సోలియస్ అయ్యే అవకాశం ఎక్కువ. అలాగైతే తిప్పిన కండ మీద కూడా గ్రాఫ్టే వేస్తారు. అందుకని ఫ్లాప్ చేసినా తొడ నుంచి తీసే చర్మం ఏమీ తగ్గదు, ఈ మాట ముందే తెలిసి ఉంటే మంచిది.

ఫ్లాప్‌కి ప్రత్యామ్నాయం లేకపోలేదు. ఎముక పైపెంకుని రక్తపు చుక్కలు కనిపించేదాకా అరగదీసి, దాని మీద కొల్లాజెన్‌తో చేసిన కృత్రిమ డెర్మిస్ (లోపలి చర్మం లాంటి పొర) పరిచి, 3 నుంచి 4 వారాలు ఆగి అప్పుడు పల్చటి గ్రాఫ్ట్ వేసే పద్ధతి ఉంది. చిన్న చోట్లకి బాగుంటుంది. కానీ షుగర్, సిగరెట్ రెండూ ఉన్న మనిషికి, రోడ్డు మీద పడి మట్టి చేరిన పుండులో, నెలరోజులు ఎముకని అలా ఉంచడం కన్నా రక్తం పారే కండతో కప్పేయడమే నయం. ఆ సర్జన్ నిర్ణయం నాకు సరిగ్గానే అనిపిస్తోంది.

ఇక తొడ లెక్క. మొత్తం పుండు 160 చదరపు సెంటీమీటర్ల చిల్లర. 1కి 1.5 వల చేస్తే, అంటే చిల్లులు పెట్టి ఒకటిన్నర రెట్లు సాగదీస్తే, కాగితం మీద 110 చాలు. వల ఎప్పుడూ చెప్పినంత సాగదు, అంచులు కూడా కాస్త పొర్లించి పరచాలి. అందుకని 120 నుంచి 130 తీస్తారు. చర్మాన్ని పల్చగా గీసి తీసే డెర్మటోమ్ బ్లేడు వెడల్పు 8 సెంటీమీటర్లు అనుకుంటే తొడ మీద 16 సెంటీమీటర్ల పట్టీ ఒకటి. తీసే మందం దాదాపు 0.25 నుంచి 0.3 మిల్లీమీటర్లు, ప్రింటర్ కాగితాలు మూడు కలిపి పట్టుకుంటే ఎంతో అంతే. పైచర్మం మొత్తం, లోపలి చర్మంలో పైభాగం మాత్రమే వస్తాయి. వెంట్రుకల కుదుళ్లు, చెమట గ్రంథులు తొడలోనే మిగిలిపోతాయి. వాటి గోడల్లోని కణాలే పైకి పాకి తొడని మళ్లీ కప్పుతాయి. అందుకే అక్కడ కుట్లు అక్కర్లేదు. బ్లేడు సరిగ్గా నడిస్తే తొడ మీద సన్నటి రక్తపు చుక్కలు దగ్గరదగ్గరగా కనిపిస్తాయి. పసుపుపచ్చగా కొవ్వు కనిపించిందంటే లోతు ఎక్కువైనట్టు, అప్పుడు ఆ చోటుని కుట్టి మూయాల్సి వస్తుంది.

చర్మాన్ని పూర్తి మందంతో తీయడం కూడా ఉంది. చెవి వెనక, గజ్జల్లో, మెడ కింది భాగంలో తీసి అక్కడ కుట్టేస్తారు. రంగు, మెత్తదనం బాగా కుదురుతాయి, తర్వాత ముడుచుకోవడం తక్కువ. కానీ చిన్న ముక్కలే దొరుకుతాయి, పట్టడం కూడా కష్టం. ముఖానికి, వేళ్లకి అది. 160 చదరపు సెంటీమీటర్ల కాలికి కాదు.

వల ఎందుకంటే, ముఖ్యంగా కిందచేరే నీరు, రక్తం బయటికి పోవడానికి. ఎక్కువ మేర కప్పడం రెండో లాభం. ఎత్తుపల్లాల మీద, కండ మీద బాగా ఒదుగుతుంది కూడా. నష్టం ఏమిటంటే ఆ గళ్ల గుర్తు జీవితాంతం పోదు. ముఖం మీద, చేతి వెనక వల వేయరు. కాలికి వేస్తారు.

అబ్బాయి చర్మం పనికిరాదు. రెండుమూడు వారాల్లో శరీరం దాన్ని తోసేస్తుంది. ఒకే పోలికగల కవలలు తప్ప ఎవరిదైనా అంతే. ఒళ్లంతా కాలినవాళ్లకి సొంత చర్మం చాలనప్పుడు ఇతరుల చర్మాన్ని తాత్కాలికంగా కప్పుతారు, అంతవరకే దాని ఉపయోగం. అబ్బాయి చేత ఆ సిగరెట్లు మాన్పించే పని చేయించండి, అది నిజంగా పనికొస్తుంది.

---

దూదిబుట్ట:

పైన సర్జరీ సంగతి చెప్పేశారు కాబట్టి నేను వార్డులో కనబడే సంగతులు చెప్తాను.

గ్రాఫ్ట్ పోయిందంటే చాలాసార్లు కారణం చర్మంలో ఉండదు, చర్మానికీ పుండుకీ మధ్యలో ఉంటుంది. రక్తం గడ్డ చేరుతుంది, లేదా నీరు చేరుతుంది, లేదా కాలు కదిలి చర్మం జారుతుంది, లేదా క్రిములు చేరతాయి. ఇందులో జారడం అనేది చాలామందికి అర్థం కాదు. అర మిల్లీమీటరు జారినా ఆ రోజు అందుకున్న సన్ననాళాలు తెగిపోతాయి. అందుకే మొదటి 5 రోజులు అంత కట్టుదిట్టం. పాదం నిటారుగా ఉండేలా వెనక స్ప్లింట్ కడతారు, కాలు దిండ్ల మీద గుండె కన్నా ఎత్తులో ఉంటుంది. మడమ మాత్రం గాల్లో ఉండాలి. దిండు పిక్క కింద పెట్టి మడమని వదిలేయండి. లేకపోతే కాలి పుండు మానేలోపు మడమకి కొత్త పుండు పడుతుంది. మీ బావగారికి పిక్క కండే తిప్పితే, దిండు ఎక్కడ ఒత్తకూడదో సర్జన్‌ని అడిగి కట్టు మీద పెన్నుతో గుర్తు పెట్టించుకోండి.

గ్రాఫ్ట్ మీద వ్యాక్ పెడితే ఒత్తిడి మైనస్ 75 నుంచి 125 ఎంఎం హెచ్‌జీ (పాదరసపు మిల్లీమీటర్లు) మధ్య ఉంచుతారు, 5 రోజుల దాకా తియ్యరు. అలారం మోగితే ఎవరో ఒకరు మ్యూట్ నొక్కి వెళ్లిపోతారు, అది ఒప్పుకోకండి. చాలాసార్లు ప్లాస్టిక్ షీటు అంచు లేచి గాలి లాగుతూ ఉంటుంది, పైన ఇంకో ముక్క అంటిస్తే సరిపోతుంది. రోజు మొత్తంలో కలిపి 2 గంటలకి మించి మిషన్ ఆగి ఉంటే ఆ స్పాంజి లోపల ఉంచకూడదు, వెంటనే చెప్పాలి. డబ్బాలోకి ఒక్కసారిగా ఎర్రటి రక్తం వస్తుంటే మిషన్ ఆపి నర్సుని పిలవండి.

డ్రెస్సింగ్ విప్పడానికి 5వ రోజు మామూలు. అంతకుముందే విప్పాల్సిన గుర్తులు: చెడు వాసన, డ్రెస్సింగ్ బయటికి పచ్చగా తడవడం, జ్వరం, తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరగడం, కట్టు పైన చర్మం ఎర్రగా పాకడం. ఇందులో ఏది కనిపించినా "5వ రోజు చూద్దాంలే" అని ఆగకూడదు. గొలుసు స్ట్రెప్టోకాకస్ క్రిమి ఒక్కరాత్రిలో మొత్తం గ్రాఫ్ట్‌ని కరిగించేస్తుంది.

డోనర్ సైట్, అంటే చర్మం తీసిన చోటు, దాని గురించి ఎవరూ ముందుగా చెప్పరు, అదే బాధ. మొదటి వారం కాలు కన్నా తొడే ఎక్కువ నొప్పి. ఒరుసుకుపోయిన చోట నరాల కొసలన్నీ బయటే ఉంటాయి కదా. సాధారణంగా ఆల్జినేట్ డ్రెస్సింగ్ గానీ, పారాఫిన్ గాజ్ గానీ పరిచి పైన దూది ప్యాడ్, క్రేప్ కడతారు. మొదటి ఒకట్రెండు రోజులు రక్తనీరు పైదాకా తడుస్తుంది. తడిస్తే పైప్యాడ్ మార్చాలి, చర్మానికి అంటుకున్న లోపలి పొర జోలికి పోకూడదు. 10 నుంచి 14 రోజుల్లో కింద చర్మం వచ్చేకొద్దీ అది అంచుల నుంచి దానంతటదే లేస్తుంది. లేచినంత మేర కత్తెరతో కత్తిరించుకుంటూ పోవాలి. లాగారంటే కొత్తగా వచ్చిన చర్మం దాంతో ఊడి వస్తుంది, మళ్లీ మొదటికి.

---

వెన్నెలదారి:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. ఆపరేషన్ అయింది. మీరన్నట్టు సోలియస్ కండే తిప్పి మొత్తం మీద వల గ్రాఫ్ట్ వేశారు. ఇవాళ మొదటిసారి విప్పారు. చాలావరకు గులాబీ రంగులో ఉంది. కింది అంచున రూపాయి బిళ్లంత చోట ఊదారంగులో ఉబ్బి ఉంది, ఇంకోచోట తెల్లగా ఉంది. గళ్ల మధ్యలో ఎర్రగా తడిగా ఉంది. డాక్టర్ గారు "బాగుంది" అని వెళ్లిపోయారు, మాకేమో భయం. తొడ డ్రెస్సింగ్ ఎండి పెంకులా బిగుసుకుంది, ఒక మూల కాస్త వాసన వస్తోంది. అది మార్చమని అడగాలా?

---

దూదిబుట్ట:

గళ్ల మధ్య ఎర్రటి తడి మామూలే. అక్కడ చర్మం లేదు కదా, చుట్టూ ఉన్న గీతల నుంచి కణాలు పాకి ఆ గళ్లని మూస్తాయి. 1కి 1.5 వల అయితే వారం, పది రోజుల్లో మూసుకుంటాయి. ఎండిపోకుండా పారాఫిన్ గాజ్ వేస్తూ ఉండాలి. ఎండితే ఆ పాకుడు ఆగుతుంది.

ఊదాగా ఉబ్బిందంటే కింద రక్తమో నీరో ఉంది. నొక్కితే కదిలితే నీరు. సూదితోనో 11వ నంబరు బ్లేడు కొసతోనో చిన్న గాటు పెట్టి, తడి దూదిపుల్లని చర్మం మీద మెల్లగా దొర్లించి గాటు వైపుకి తోసి బయటికి తీస్తారు. ఇది డాక్టరో, నర్సో చేయాలి, మీరు కాదు. మొదటి రెండుమూడు రోజుల్లో తీస్తే ఆ చర్మం బతికేది. ఇన్ని రోజులయ్యాక అక్కడ పట్టే అవకాశం తక్కువే. అయినా రూపాయి బిళ్లంత చోటు పోతే కంగారు లేదు, డ్రెస్సింగ్‌తోనే అంచుల నుంచి మానుతుంది. 90 శాతానికి పైగా పడితే మంచి ఫలితమే.

తెల్లచోటు గురించి ఒక్కమాట. వేలితో నొక్కి వదిలితే రంగు మారి మళ్లీ వస్తుందా అని చూస్తారు. తెల్లగా, కింద గట్టిగా అంటుకుని ఉంటే రెండు రోజులు వేచి చూడొచ్చు. తడిగా, జారుతూ, పసుపుగా మారితే పోయినట్టే. పైపొర మాత్రం పొలుసులా ఊడి కింద గులాబీ రంగు కనిపిస్తే అది పోయినట్టు కాదు, పైచర్మం ఒక్కటే రాలింది.

తొడ డ్రెస్సింగ్ గట్టిగా ఎండటం మంచి గుర్తు. అంత రక్తనీరు మురిగితే కాస్త వాసన రావడం వింత కాదు. అయితే వాసన ఉన్న మూల తడిగా మెత్తబడిందా, పచ్చగా ఉందా, చుట్టూ ఎరుపు, వేడి ఉన్నాయా చూడమనండి. ఉంటే ఆ మూల వరకు సెలైన్‌తో బాగా నానబెట్టి తీసి చూస్తారు. చుట్టుపక్కల పొడిగా, నొప్పి లేకుండా ఉంటే ముట్టుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్లకి తొడ కూడా ఆలస్యంగా మానుతుంది, 14 రోజులు దాటినా ఆశ్చర్యపోకండి.

---

కీలుమడత:

నడక సంగతి నేను చెప్తాను.

గ్రాఫ్ట్ పట్టిందని తేలాక కాలిని ఒక్కసారిగా కిందకి దించకూడదు. కొత్త నాళాలకి ఇంకా గోడల బలం ఉండదు, నిలబడగానే రక్తం బరువంతా వాటి మీద పడి గ్రాఫ్ట్ కింద నీరు, రక్తం చేరుతుంది. అందుకని కాలివేళ్ల మొదలు నుంచి మోకాలి కింద వరకు క్రేప్ బ్యాండేజ్‌ని 8 అంకెలాగా చుట్టి, మంచం అంచున కూర్చోబెట్టి 5 నిమిషాలు కాలు వేలాడదీయించాలి. మళ్లీ పైకి. రోజుకి మూడు నాలుగుసార్లు. పట్టీ విప్పి చూస్తే గ్రాఫ్ట్ కాస్త ముదురు రంగులోకి మారి, కాలు పైకెత్తాక కొన్ని నిమిషాల్లో మామూలు గులాబీ రంగుకి వస్తే సరే. ముదురు ఊదాగా మారి అలాగే ఉండిపోతే, చుక్కలుగా రక్తం వస్తే, మర్నాడు సమయం తగ్గించాలి. లేకపోతే రోజుకి 5 నిమిషాలు చొప్పున పెంచుకుంటూ పోయి, తర్వాత వాకర్‌తో నిలబెట్టి, నడిపించాలి. పట్టీ కింద బిగుతు, పైకి పోయేకొద్దీ వదులు. పైన బిగించి కింద వదులు చేస్తే కాలు వాచిపోతుంది.

పడుకున్నన్నాళ్లూ రెండో కాలి మడమని గంటకోసారి పైకీ కిందకీ ఆడించమనండి. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వచ్చినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా రక్తం గడ్డ అనుమానించాలి, వెంటనే చెప్పాలి. రక్తం పల్చబడే ఇంజెక్షన్ ఇస్తున్నారో లేదో కూడా కనుక్కోండి.

---

కుట్టుసూది:

కీలుమడత గారూ, మీరు చెప్పింది ఉత్త గ్రాఫ్ట్ అయితే అక్షరాలా సరే. ఇక్కడ ఫ్లాప్ ఉంది. తిప్పిన కండ మొదలు దగ్గర క్రేప్ బిగిస్తే లోపలికి రక్తం వచ్చే దారి తెరిచే ఉన్నా, బయటికి పోయే సిర మూసుకుపోతుంది. సర్జన్ చూసి "కట్టొచ్చు" అనేదాకా ఆ ప్రాంతం మీద ఒత్తిడి పట్టీ వద్దు. వేలాడదీయడం కూడా మొదటి వారం దాటాక, ఆయన చెప్పిన రోజునే మొదలుపెట్టాలి. ఫ్లాప్ లేని చిన్న గ్రాఫ్ట్‌లకి ఒత్తిడి పట్టీ కట్టి మొదటి ఒకట్రెండు రోజుల్లోనే నడిపించే సర్జన్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు, దాంతో గ్రాఫ్ట్ ఎక్కువ పోతోందనేమీ లేదు. కాబట్టి పక్క మంచం మీద మనిషి రెండోరోజే నడిచాడని పోల్చుకోకండి.

ఫ్లాప్ బాగుందో లేదో చూడటం ఇంకో విద్య. చర్మం ఉన్న ఫ్లాప్ అయితే వేలితో నొక్కి వదిలితే 2, 3 సెకన్లలో రంగు తిరిగి రావాలి. తెల్లబడి, చల్లగా, మెత్తగా పల్చబడి, రంగు రావడం ఆలస్యమైతే రక్తం లోపలికి రావట్లేదు. నీలంగా, ఉబ్బి, బిగుసుకుని, నొక్కి వదలగానే టక్కున రంగు వస్తే బయటికి పోవట్లేదు. రెండోదే ఎక్కువగా జరుగుతుంది, రెండోదాన్నే "ఎర్రగా బాగానే ఉందిగా" అని వదిలేస్తారు. మీ బావగారిది కండ ఫ్లాప్ కాబట్టి రంగు చూసి చెప్పడం కష్టం. వల గళ్లలోంచి కనబడే కండ తాజా ఎరుపులో ఉండాలి. నల్లబడుతున్నా, ముదురు ఊదాలోకి పోతున్నా గంటలు లెక్కపెట్టుకోవాల్సిందే, రాత్రయినా సరే పిలవాలి. మొదటి రెండు రోజులు గడిచాయి కాబట్టి పెద్ద గండం దాటినట్టే, కానీ సిగరెట్ ఆ గండాన్ని మళ్లీ తీసుకురాగలదు. నికోటిన్ సన్ననాళాలని బిగిస్తుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటుని ఆక్రమిస్తుంది. నికోటిన్ గమ్, ప్యాచ్ కూడా డాక్టర్‌ని అడగకుండా వాడొద్దు. ఫ్లాప్ ఉన్న మనిషి పక్కన కూర్చుని ఇంకొకరు కాల్చకూడదు కూడా.

షుగర్ విషయంలో హెచ్‌బీఏ1సీ ఇప్పటికిప్పుడు మారదు. రోజువారీ రీడింగులు చాలామంది డాక్టర్లు 180 దాటకుండా చూస్తారు, అవసరమైతే మాత్రలు ఆపి ఇన్సులిన్ పెడతారు. ప్రొటీన్ కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలి, 70 కిలోల మనిషికి 85 నుంచి 105 గ్రాములు. కిడ్నీ సమస్య ఉంటే ఆ లెక్క వేరు, డైటీషియన్‌తో మాట్లాడాలి.

---

కీలుమడత:

ఫ్లాప్ మాట నిజమే, ఒప్పుకుంటాను. పట్టీ విషయం సర్జన్ చెప్పినట్టే.

గ్రాఫ్ట్ మూసుకున్నాక మొదలయ్యే పనిని ఇంటివాళ్లు తేలిగ్గా తీసుకుంటారు, అందుకని రాస్తున్నా. పల్చటి గ్రాఫ్ట్‌కి ముడుచుకునే గుణం ఉంది. తొలి ఆరు నెలలు అది బాగా జోరుగా ఉంటుంది. పిక్క మధ్యలో అయితే అంత నష్టం లేదు గానీ, గ్రాఫ్ట్ అంచు చీలమండ దాకా వస్తే పాదం కిందకి వంగిపోయి మడమ నేలకి ఆనదు. రాత్రిళ్లు స్ప్లింట్, పగలు పాదాన్ని పైకి లాగే సాగదీత, ఒక్కోసారి 30 సెకన్లు పట్టి ఉంచుతూ పదిసార్లు, రోజుకి నాలుగైదు విడతలు. నొప్పిగా బిగిసేదాకా లాగాలి, చర్మం తెల్లబడి చీలేదాకా కాదు.

పుండు పూర్తిగా మూసుకుని, నీరు కారడం ఆగాక, అంటే సాధారణంగా మూడు వారాల తర్వాత, మసాజ్. బొటనవేలితో నొక్కి గుండ్రంగా తిప్పాలి, చర్మం కింది కండ మీద కదలాలి. పైపైన రుద్దితే బొబ్బలు తప్ప ఇంకేం రాదు. గ్రాఫ్ట్‌కి నూనె గ్రంథులు, చెమట గ్రంథులు లేవు కాబట్టి అది ఎప్పటికీ తనంతట తాను తడిగా ఉండదు. వాసన లేని మాయిశ్చరైజర్ రోజుకి మూడు నాలుగుసార్లు, పల్చగా. ముందు రాసిన పొర కడిగేసి మళ్లీ రాయాలి, లేకపోతే పేరుకుని పుళ్లు పడతాయి.

మచ్చ ఎర్రగా లేచి గట్టిపడుతుంటే ప్రెషర్ గార్మెంట్ (మచ్చని ఒత్తి ఉంచే బిగుతైన తొడుగు), సిలికాన్ షీటు. గార్మెంట్ కొలత తీయించి కుట్టించాలి. రోజుకి 23 గంటలు వేసుకోవాలి, ఒక గంట స్నానానికి, మసాజ్‌కి. రెండు జతలు ఉండాలి, ఒకటి ఉతుకులో ఒకటి ఒంటి మీద. సాగే గుణం మూడు నెలల్లో పోతుంది కాబట్టి మళ్లీ కొలత. ఎర్రదనం పోయి మచ్చ మెత్తబడి చదునయ్యే దాకా వాడాలి, అది ఏడాది నుంచి ఏడాదిన్నర పట్టొచ్చు. షుగర్‌తో కాలి నాళాలు సన్నబడిన మనిషికి గార్మెంట్ వేసేముందు పాదం దగ్గర నాడి ఎలా ఉందో డాక్టర్ చేత చూపించండి.

దురద రాత్రిళ్లు విసిగిస్తుంది. గోళ్లు పొట్టిగా కత్తిరించండి, చల్లటి తడిగుడ్డ వేయండి, మాయిశ్చరైజర్ ఫ్రిజ్‌లో పెట్టి రాయండి. తగ్గకపోతే అలర్జీ మాత్రలు, ఇంకా తగ్గకపోతే నరాల దురదకి ఇచ్చే గాబాపెంటిన్ ఉంది, డాక్టర్ రాస్తారు. స్పర్శ అంచుల నుంచి నెమ్మదిగా వస్తుంది, ఏడాది రెండేళ్లు పడుతుంది, పూర్తిగా రాదు. స్నానానికి నీళ్ల వేడి చేత్తో చూసుకుని పోసుకోవాలి, కాలికి తెలియదు. హీటింగ్ ప్యాడ్ ఆ కాలి దగ్గరికి రానివ్వొద్దు.

---

దూదిబుట్ట:

ఎండ గురించి మర్చిపోయారు. గ్రాఫ్ట్, తొడ రెండూ ఎండ తగిలితే నల్లబడి ఆ నలుపు పోవడానికి చాలా కాలం పడుతుంది. కనీసం ఏడాది గుడ్డతో కప్పి ఉంచడం, కప్పలేనప్పుడు ఎస్‌పీఎఫ్ 30కి పైన సన్‌స్క్రీన్. తొడ మచ్చ మొదట ఎర్రగా ఉండి, తర్వాత చుట్టుపక్కల చర్మం కన్నా ముదురుగానో లేతగానో నిలిచిపోతుంది. కాలి మీద వల గళ్లు, రంగు తేడా, కండ తిప్పినచోట ఉబ్బు ఉంటాయి. ఆ ఉబ్బు మాత్రం నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది, పని లేని కండ ఎండిపోతుంది కాబట్టి.

---

వెన్నెలదారి:

చాలా ఉపయోగపడిందండీ. దీవెనలు. ఆఖరి ప్రశ్న: ఇంటికి పంపాక ఏం జరిగితే వెంటనే తీసుకురావాలి?

---

కుట్టుసూది:

జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే, గ్రాఫ్ట్ నుంచి పచ్చటి స్రావం లేదా చెడు వాసన వస్తే, మానినచోట కొత్తగా రక్తం కారితే, పిక్క వాచి నొప్పి పుడితే ఆ రోజే రండి. చిన్న బొబ్బలు మొదటి నెలల్లో మామూలు, చెప్పు రాసుకున్నా వస్తాయి. పగలగొట్టకుండా పైన పల్చటి డ్రెస్సింగ్ వేయండి. ఎముక కప్పిన చోట వారాల తర్వాత సన్నటి రంధ్రం పడి నీరు కారుతుంటే మాత్రం పైపూత మందులతో కాలం గడపకండి, లోపల ఎముకకి ఇన్‌ఫెక్షన్ ఉందేమో ఎక్స్‌రే, అవసరమైతే ఎంఆర్ఐ చేసి చూడాలి. ఇంకొకటి చాలా ఏళ్ల తర్వాతి సంగతి: పాత గ్రాఫ్ట్ మీద పుండు పడి వారాల తరబడి మానకుండా, అంచులు గట్టిపడి పైకి లేస్తే ముక్క తీసి పరీక్షకి పంపాలి. అరుదే గానీ అలాంటి పాత మచ్చల్లో క్యాన్సర్ వస్తుంది. ఆ కాలుని చూసే డాక్టర్ ఎవరైనా, డిశ్చార్జ్ కాగితం మీద ఏ కండ తిప్పారో ఉండేలా చూసుకుని జాగ్రత్తగా దాచండి, ఇంకెప్పుడైనా అక్కడ కోత పెట్టాల్సి వస్తే సర్జన్ మొదట అడిగేది అదే.